సంతృప్తి అంకెపై ఏలీయా దండయాత్ర

స్వస్తి! పెన్న ఎండి ఇసుకై, గోడలన్నీ రెండు పార్టీల గుర్తులతో నిండి, నాటుబాంబులు గడ్డివాముల గర్భాన నిద్రించిన ఆ ఫాల్గుణ మాసంలో, ప్రొద్దుటూరు పంతులు, పరిశోధక శిఖామణి, కౌమార జీవన సంతృప్తిపై దేశదేశాల పండితులు రాసిన వ్యాసాలన్నీ ఏడేళ్లు నమిలి మింగిన మహామేధావి ఏలీయా, ప్రశ్నపత్రాల సంచి భుజాన వేసుకుని, జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె బడిలో తొమ్మిదో తరగతి గడప దాటాడు.

ఇదే ఆయనకు ఆఖరి రణరంగం. "నీ జీవితం నీకెంత తృప్తిగా ఉంది? సున్నా నుంచి పది లోపు అంకె వెయ్యి" అంటే పులివెందుల పిల్లలు మూకుమ్మడిగా పది వేశారు. ప్రొద్దుటూరు పిల్లలూ పదే. ఇక్కడా అంతే అయితే పిల్లల్లో ఎవరికీ ఏ లోటూ లేనట్టే, పరిశోధించడానికేమీ మిగలదు, డాక్టరేటు మీద ఆశ వదులుకోమని గైడు తేల్చేశాడు. పాపం, ఆ మాటకు మనవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తరగతిలో నడుమ దారి విడిచి, ఒక్కో పార్టీ ఇళ్ల పిల్లలు ఒక్కో పక్క మోహరించారు.

"ఆపక్కోళ్లు ఎంతేస్తాండారు సార్?" అంది ఎడమ సేన.

"అది రహస్యం నాయనా!"

"పది ఏస్తాండార్రా! మనం పదకొండేద్దాం!" అని ఎడమ సేన అటు తొంగి చూసి అరిచింది.

"అయితే మాది ఇరవై!" అని కుడి సేన గర్జించింది.

పెన్నులు ఒరలు వీడాయి, సిరా రక్తధారలై చిమ్మింది, చూస్తుండగానే సంతృప్తి నూటయాభై దాటింది.

"పది దాటితే చెల్లని ఓటు!" అని ఏలీయా గర్జించాడు. ఓటు సంగతి ఆ పిల్లలకు ఉగ్గుపాలతో తెలుసు. అందరూ తక్షణం పదికి దిగారు.

అప్పుడా ధీరుడు కుర్చీ ఎక్కి, "ఓ ఉభయపక్ష బాలవీరులారా! మీ పదులు నాకేల? మీ గుండెలో దాగిన ఏ చిన్న కొరతనైనా తలచి, ఒక్కరంటే ఒక్కరు, ఒక్క అంకె తగ్గించి నన్ను బతికించండి!" అని చేతులు జోడించాడు.

కుడి పక్క ఆఖరి బెంచీలో మైమూన్ లేచింది. "నేను తొమ్మిదేసినా సార్."

"ఏందిమే, మన పక్క తగ్గిస్తాండావా?" అని ఆమె సేన హాహాకారం చేసింది.

"ఒకటెందుకు తగ్గింది తల్లీ?"

"గౌరీ ఆపక్క కూర్చుంటాది సార్. పోయినేడు దాకా నా పక్కనే కూర్చునేది."

ఎడమ పక్క గౌరీ పెన్ను అందుకుంది. తన పది కొట్టేసి తొమ్మిది వేసింది. ఏలీయా కుర్చీ దిగి ఆ రెండు పత్రాలూ అందుకున్నాడు.

"రెండు పక్కలా ఒకటొకటి తగ్గింది, సమానమేలే!" అని సేనలు శాంతించాయి.

ఈ విధంగా మూడు సీమల నాలుగువందల పత్రాల మహాసంగ్రామంలో రెండు తొమ్మిదులను సాధించి, సగటును పది నుంచి తొమ్మిది దశాంశం తొమ్మిది తొమ్మిది ఐదుకు పడగొట్టిన ఏలీయాకు జయం! పిల్లల్లో ఎవరికీ ఏ లోటూ లేదని ఇక ఏ గైడూ అనలేడు!