మైకు బాబాయి వేసిన రైలు లైను

ఆ పొద్దున మైకు బాబాయి పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, కిటికీ పక్కన కూర్చుని, రైళ్ళ ఆటలో కొత్తగా చేరిన ఒక ఆటగాడికి నాలుగు చిట్కాలు రికార్డు చేసి పంపాలి. అంతకు మించి ఆయనకి ఆ రోజే కాదు, ఆ వారంలోనే పనేమీ లేదు.

ఆయన ఉద్యోగమంతా రైల్వే స్టేషనులో మైకు ముందు గడిచింది. "దయచేసి గమనించండి" అని ఆయన అంటే చాలు, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న జనం మూటాముల్లె సర్దుకుని మూడో నంబరుకి పరిగెత్తేవారు. ఎందుకని అడిగినవాడు లేడు. తర్వాత ఆ పని యంత్రానికి అప్పగించారు. యంత్రానికి జలుబు చేయదు, సెలవు అడగదు. బాబాయికి మాత్రం శాశ్వతంగా సెలవిచ్చారు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆయన మాట వినడానికి, విని కాదనడానికి ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఆవిడ పోయాక ఆ గొంతు గోడలకి తప్ప ఎవరికీ వినిపించడం లేదు.

కంప్యూటర్లో రైళ్ళ కంపెనీ నడిపే ఆట అప్పుడే పట్టుకున్నాడు. ఊళ్ళు కలపాలి, పట్టాలు వేయాలి, బొగ్గు మోయాలి, కంపెనీ మునిగిపోకుండా చూసుకోవాలి. అక్కడ 'బొగ్గుబండి' అని పేరు పెట్టుకున్న ఒకడు ఆయన్ని సలహా అడిగాడు. ముసలో పడుచో తెలియదు. అడిగాడు, బాబాయికి అదే పదివేలు.

గొంతు సవరించుకుని ఫోనులో రికార్డు చేశాడు. పంపడానికి పేరు ఎంచుకోబోయేసరికి, బిల్డింగు గ్రూపులో కార్యదర్శి "ఇవాళ ట్యాంకు కడుగుతారు, నీళ్ళు పట్టుకోండి" అని సందేశం పెట్టాడు. దాంతో గ్రూపు ఎగిరి వరసలో పైకొచ్చి కూర్చుంది. బొగ్గుబండి ఒక మెట్టు కిందికి జారాడు. బాబాయి వేలు మాత్రం పాత చోటే పడింది.

బిల్డింగులో అన్ని ఫోన్లూ ఒకేసారి పలికాయి.

"దయచేసి గమనించండి. కొత్త లైను కాలువ పక్క నుంచే వెళ్ళాలి. మార్కెట్టు వెనక స్థలాలు నలుగురికీ తెలియకముందే తీసుకోవాలి. అడ్డొచ్చిన దుకాణాలు పడగొట్టేయండి. జనం నాలుగు రోజులు గొణుగుతారు, తర్వాత వాళ్ళే టికెట్టు కొనుక్కుని ఎక్కుతారు. ప్రయాణికులు లేని స్టేషన్లు మొహమాటం లేకుండా మూసేయండి. కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆ బిల్డింగు పక్కన కాలువ ఉంది. కాలువ పక్కన మార్కెట్టు ఉంది. ఇక ఆ గొంతు తప్పు చెప్పగా విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

మొదట తలుపు తట్టింది కార్యదర్శి. చేతిలో టీ ఫ్లాస్కు ఉంది. పక్క గుమ్మంలో ఉంటూ కూడా ఎన్నడూ లోపలికి రానివాడు, చెప్పులు విప్పి మరీ వచ్చాడు.

"బాబాయ్, మీ సందేశం విన్నా. లైను కచ్చితంగా కాలువ పక్క నుంచేనా?"

బాబాయి మొహం వెలిగిపోయింది. ఇతనికీ ఈ పిచ్చి ఉందన్నమాట! అయినా తన చిట్కాలు ఇతనిదాకా ఎలా వెళ్ళాయో అడగాలని తోచనే లేదు.

"అటే వెళ్ళాలండీ. ఇటు తిప్పితే వంతెన కట్టాలి, అది మనకి కలిసిరాదు."

"మరి దుకాణాలు?"

"అడ్డొస్తే పడగొట్టడమే. నేను పొద్దున్నే రెండు పడగొట్టా."

"ఇదంతా ఎవరు నిర్ణయిస్తారు బాబాయ్?"

"ఎవరేంటండీ, నేనే!"

కార్యదర్శి ఫ్లాస్కు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

తర్వాత పై అంతస్తు టీచరమ్మ వచ్చింది. ఆవిడ వెనక ఇంకొందరు వచ్చారు. బాబాయి ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలు, అందులో ఒకదాని మీద పాత పేపర్లు ఉంటాయి. టీచరమ్మ తన ఇంటి నుంచి కుర్చీలు దింపించింది. ఎవరో బిస్కెట్లు తెచ్చారు. బాబాయి మధ్యలో కూర్చుని బొగ్గు గురించి, మలుపుల గురించి, ఒకే పట్టా మీద రెండు బళ్ళు ఎదురెదురుగా వస్తే ఏం చేయాలన్నదాని గురించి చెప్తూ పోయాడు. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. ఆయన గొంతుకి పాత నునుపు వచ్చింది.

"అంతా బాగానే ఉంది బాబాయిగారూ, కాయితాల మీద సంతకం ఏ అధికారి పెట్టాడు?" అంది టీచరమ్మ. "మా తమ్ముడి స్థలం కాలువ పక్కనే. వాడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా."

టీ తాగుతున్న బాబాయికి పొలమారింది. అధికారేమిటి, సంతకమేమిటి? ఫోను తీసి చూసుకున్నాడు. చిట్కాలు బొగ్గుబండికి కాదు, బిల్డింగు గ్రూపుకి వెళ్ళాయి.

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెప్పేస్తే ఈ కుర్చీలన్నీ లేచిపోతాయి. ఇల్లు మళ్ళీ పొద్దుటిలా అయిపోతుంది. ఇంకాసేపు ఉండనిద్దాం అనుకున్నాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా," అన్నాడు.

అలా అనేసరికి ఉన్నదేదో పెద్దదేనని అందరికీ ఖాయమైపోయింది. గోరంత మాట మార్కెట్టు చేరేసరికి కొండంతయింది. మధ్యాహ్నానికి ఒక లైను రెండు లైన్లయింది. సాయంత్రానికి స్టేషనుకి ఎస్కలేటరు వచ్చింది, బాబాయి దానికి డైరెక్టరయ్యాడు. పళ్ళ కొట్టతను అడగకుండానే సంచీ నిండా పళ్ళు పంపాడు.

దీపాలు పెట్టే వేళకి, కార్యదర్శితో సహా అందరూ మళ్ళీ బాబాయి చుట్టూ చేరి ఉండగా, కింది దుకాణంలోని టైలరు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో మడత పెట్టిన ప్యాంటు ఉంది.

"మీరు ఎప్పుడో కుట్టమని ఇచ్చింది బాబాయ్. ఇచ్చేసి పోదామని వచ్చా."

"ఎక్కడికి పోతావ్?"

"మా బావమరిది ఊరికి. దుకాణం ఎలాగూ పడగొడతారుగా. మిషను మూట కట్టేశా. వెళ్తూ వెళ్తూ తాళంచెవి ఓనరుకి ఇచ్చేస్తా." ప్యాంటు బాబాయి ఒళ్ళో పెట్టాడు. "వేరేవాళ్ళు చెప్తే నమ్మేవాణ్ణి కాదు. నా పెళ్ళికి వెళ్ళేరోజు, బండి మూడో నంబరుకి మారిందని మీరు చెప్పబట్టే అందుకున్నా. లేకపోతే ఆ ముహూర్తం తప్పిపోయేది."

బాబాయి లేచి నిలబడ్డాడు. అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు.

"దయచేసి గమనించండి. పొద్దున పంపింది ఆట గురించి. లైను లేదు, స్టేషను లేదు. ఎవరి దుకాణమూ పోదు. నాకు మధ్యాహ్నం కాకముందే తెలిసినా చెప్పలేదు. నలుగురూ వచ్చారు కదా, ఇంకాసేపు ఉంటారని... అసౌకర్యానికి చింతిస్తున్నాను."

ఎవరూ నమ్మలేదు. కార్యదర్శి కన్ను గీటాడు. "పైనుంచి ఒత్తిడొచ్చింది బాబాయ్, అంతేగా? మాకు అర్థమైందిలెండి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఇక లాభం లేదని బాబాయి కంప్యూటరు తెరిచాడు. తెర మీద వేలెడంత కాలువ, వేలెడంత మార్కెట్టు కనిపించాయి. వాటి మధ్య నుంచి చిన్న రైలు కూత వేసుకుంటూ పోయింది. అందరూ వంగి చూశారు. టైలరు అందరికంటే ఎక్కువసేపు చూశాడు.

"ఈ వయసులో ఆటలేంటి బాబాయ్!" అని కార్యదర్శి ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు. టీచరమ్మ తమ్ముడికి ఫోన్ చేసుకుంటూ మెట్లెక్కింది. ఆవిడ కుర్చీలు బాబాయే ఒక్కొక్కటీ మోసుకెళ్ళి ఇచ్చాడు. ఇకనుంచి గ్రూపులో నీళ్ళు, చెత్త గురించి తప్ప ఏదీ పెట్టకూడదని కార్యదర్శి ప్రకటించాడు.

చిట్కాలు ఈసారి సరైన పేరు చూసి పంపాడు బాబాయి. బొగ్గుబండి వెంటనే జవాబిచ్చాడు. "అక్కర్లేదు సార్, ఆట మానేశా."

ప్రయాణికులు లేని స్టేషన్లు మూసేయమని తనే చెప్పాడు. ఆ లెక్కన ముందు మూయాల్సింది ఈ ఇల్లే అనిపించింది. బాబాయికి ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున టీ పెట్టుకుంటూండగా తలుపు దబదబా మోగింది. ఎదురుగా టైలరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఫోను ఉంది.

"దుకాణం తెరవలేదా?" అన్నాడు బాబాయి భయంగా.

"తెరిచా. ముందు ఇది చూడండి. మీ ఆట ఫోనులో ఎక్కించుకుని రాత్రంతా ఆడా. మీరు చెప్పినట్టే ప్రయాణికులు లేని స్టేషను మూసేశా. ఎక్కడి బళ్ళు అక్కడే నిలబడిపోయాయి! ఇదేనా చిట్కా?"

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ స్టేషనులో ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు లేకపోవచ్చు. కానీ ఇంజన్లు నీళ్ళు పట్టుకునేది ఇక్కడే నాయనా. నేనెప్పుడూ చూసుకోలేదు. చిట్కా తప్పు."

"మరి తెరవమంటారా?"

"తెరువు. ముందు కూర్చో."

కుర్చీ మీది పాత పేపర్లు కింద పెట్టి, చాలాకాలంగా బోర్లించి ఉన్న రెండో కప్పు కడిగి తెచ్చాడు బాబాయి. కింద దుకాణం ముందు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నందాకా నిలబడే ఉన్నారు. వాళ్ళకి కలిగిన అసౌకర్యానికి పైన ఎవరూ చింతించలేదు.