ఏడు-బి అగ్నివిజయం

వినండి. సూర్యుడు నడినెత్తి దాటి పడమటి కిటికీ మూడో ఊచ మీదికి ఒరిగిన వేళ, ఆరో పీరియడు అస్తమించి ఏడో పీరియడు ఇంకా ఉదయించని సంధికాలంలో, ముప్పై ఆరు అన్నం డబ్బాల మూతల ఘోష ఎప్పుడో అణగినా ముప్పై ఆరు నోళ్ల ఘోష మాత్రం అణగని మేడమీది సైన్సు గదిలో, వార్షిక పరీక్షలకు ముందు మిగిలిన ఆఖరి గురువారం నాడు మొదలైన మహాసంగ్రామం ఇది. ఇందులో ఏనుగులు లేవు. గుర్రాలు లేవు. రథమని చెప్పుకోదగింది ఒక కాలు విరిగిన కుర్చీ ఉండేది గాని, దాన్ని కిందటి ఏడే స్టోర్‌రూమ్‌లో పడేశారు.

వీరుడు చరిత్ర మాస్టారు. సుద్దధూళి ధూసరిత దక్షిణహస్తుడు, వామహస్తాన డస్టరు ధరించువాడు, ఇరవై రెండేళ్లుగా మహాసామ్రాజ్యాలను రెండేసి పీరియడ్లలో కూల్చినవాడు, ఇంట్లో మాత్రం గ్యాసు పొయ్యి అంటించడానికి లైటరు ఆరుసార్లు నొక్కేవాడు. అన్నింటికీ మించి పరమ శుభ్రతాపరుడు. పాఠం మొదలుపెట్టే ముందు బల్ల తుడుస్తాడు. ముగించాక తుడుస్తాడు. మధ్యలో ఎవరైనా సందేహం అడిగితే ఆలోచించుకోవడానికి వీలుగా మరోసారి తుడుస్తాడు. మహావీరులందరికీ ఒంట్లో ఎక్కడో ఒకచోట బాణం దిగే జాగా ఉంటుందంటారు. ఈయనకు అది ఎడమచేతిలో ఉంది.

యుద్ధానికి కారణం ఒక మాట. అది ఆయన అన్న మాట కాదు, ఆయన భార్య అన్నది. ఆమె అదే బడిలో సైన్సు టీచరు. కిందటి వానల్లో ఒక సోమవారం ఏడు-బి పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతూ, "చెక్కను చెక్కతో రాపాడిస్తే నిప్పు పుడుతుంది. పుస్తకంలో ఉంది కదాని నమ్మకండి. నేను చేసి చూపిస్తాను" అన్నది. గురువారం ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. కథకుడు ఈ సంగతి మీద ఇంతకు మించి మాట్లాడడు. సమాసాలు కట్టడానికి వేరే సంగతులు చాలా ఉన్నాయి.

ఆమె చోటికి కొత్తవాళ్లెవరూ రాలేదు. పరీక్షలకు పదిహేను రోజుల ముందు పెద్ద మేడమ్ చరిత్ర మాస్టారిని పిలిచి, "ఆ పీరియడులో మీరు వెళ్లి కూచుంటే చాలు మాస్టారూ, గోల లేకుండా చూడండి" అంది. వెళ్లిన మొదటి రోజే మొదటి బెంచీ నుంచి రెండు జడల పిల్ల ఒకతె లేచింది.

"సార్, టీచర్ నిప్పు చూపిస్తానన్నారు."

"ఏ నిప్పు?"

"చెక్కతో చేసేది సార్. అగ్గిపెట్టె లేకుండా."

"ఊరుకోవే, సార్‌ది హిస్టరీ" అని వెనక నుంచి ఎవరో గుసగుసలాడారు.

మాస్టారు బల్ల తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు.

"చూపిస్తాను" అన్నాడు.

గదిలో ఉన్నవాళ్లకు వినిపించింది ఈ ఒక్క ముక్కే. కథకుడి చెవికి మాత్రం ఇలా వినిపించింది: "ఓసీ ద్వివేణీభూషితా! వినుము. ఆమె ఇచ్చిన మాట గాలికి పోదు. వార్షిక పరీక్షా ప్రళయజలధి ఈ తరగతిని ముంచెత్తక మునుపే, అగ్గిపుల్లను అంటక, లైటరును నొక్కక, దారువును దారువుతో మథించి, ఎక్కడ దాగినను సరే, ఆ వైశ్వానరుని చెవి పట్టుకొని మీ ముంగిటికి ఈడ్చుకొని వత్తును. అట్లు చేయనినాడు ఈ చేత సుద్దముక్క ముట్టను!" సుద్దముక్క ముట్టకుండా బడిలో ఏం చేస్తామన్న ఆలోచన వీరులకు ప్రతిజ్ఞ అయ్యాకే వస్తుంది.

పిమ్మట ఆయుధసేకరణ. భార్య రాసుకున్న పాఠం నోట్సులో ఒక బొమ్మ ఉంది. అడుగున ఒక పలక, పలక అంచున కోసిన గాడి, గాడి పక్కన గుంట, గుంటలో నిలబెట్టిన పుల్ల, పుల్లకు ఒక చుట్టు వేసిన తాడు, తాడు కొసలు కట్టిన విల్లు, పుల్ల నెత్తిన అదిమి పట్టే పిడి. విల్లును ముందుకీ వెనక్కీ లాగితే పుల్ల గిరగిరా తిరగాలి. అంతా చక్కగా గీసింది. గాడి కింద మాత్రం ఒక నల్లటి చుక్క ఉంది. ఆమె పెన్ను ఎప్పుడూ కక్కుతూనే ఉండేది కాబట్టి, మాస్టారు దాన్ని సిరా మరక అనుకున్నాడు.

ఇరవై ఏళ్లు రెండు ఖండాలను, ఒక మహాసముద్రాన్ని మోసి అలసిన పటం కర్ర విల్లయింది. ఎందరో చక్రవర్తులను వేలెత్తి చూపిన పాఠం పుల్ల జానెడు ముక్కగా తెగి ములుకయింది. పండ్ల దుకాణం వెనక పారేసిన పెట్టె నుంచి పలక వచ్చింది. బీరువాకు ఊడిపోయిన చెక్కపిడి పిడిగానే వచ్చింది. నిప్పు పుడితే దాన్ని పొత్తిళ్లలో పట్టుకోవడానికి పీచు కావాలి గనుక, పెద్ద మేడమ్ సెలవు పెట్టిన పూట చూసి ఆమె గది గుమ్మం ముందున్న పీచుపట్టా నుంచి పిడికెడు పెరికాడు. చరిత్రలో ఇంతకన్న నీచమైన దోపిడీలు జరిగాయని ఆయనకు తేదీలతో సహా తెలుసు.

ఇంట్లో మూడు సాయంత్రాలు సాధన చేశాడు. పొగ వచ్చింది. అరచేతులు పొక్కాయి. నిప్పు రాలేదు. లోపం చెక్కలో ఉందనుకుని పలక మార్చాడు. తాడులో ఉందనుకుని తాడు మార్చాడు.

బుధవారం స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు ఆ సరంజామా చూశాడు. లెక్కల మాస్టారంటే ఆయనకు పదిహేనేళ్ల స్నేహితుడు, కనుక పదిహేనేళ్ల శత్రువు.

"ఏం గురూ, మ్యాపు కర్రకి తాడు కట్టావు? చేపలకా?"

"నిప్పుకి."

"పుట్టిందా?"

"పొగ పుట్టింది."

"పొగదేముంది, అది పెద్ద మేడమ్ గది నుంచి కూడా వస్తుంది." లెక్కల మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "నా డ్రాయర్‌లో అగ్గిపెట్టె ఉంది. నువ్వు నీ ఫిడేలు వాయించుకుంటూ ఉండు. నేను పక్కన నిలబడి టక్కున పీచుకి అంటించేస్తా. పిల్లలకేం తెలుస్తుంది?"

"వద్దు."

"ఎందుకు వద్దు? ఆవిడ చూపిస్తానంది, నువ్వు చూపించినట్టే కదా."

"పుస్తకంలో ఉందని నమ్మొద్దంది" అన్నాడు మాస్టారు. "నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి?"

లెక్కల మాస్టారు అగ్గిపెట్టె కంటే చిన్నగా ముడుచుకున్నాడు. "సరే" అన్నాడు. "రేపు ఆ పీరియడు నాకు ఖాళీ. వచ్చి టైము చూస్తా. ఎవడో ఒకడు లెక్క సరిగ్గా రాయాలి కదా, మీ చరిత్రవాళ్లు ప్రతి యుద్ధంలోనూ సున్నాలు పెంచుతారు."

ఇక గురువారం, ఏడో పీరియడు. వేదిక మీద, నేల మీద, ఎడమ పాదంతో పలకను అదిమి, కుడి మోకాలు నేలకు ఆనించి, ఎడమచేత పిడిని, కుడిచేత పటం కర్రను పట్టి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచిన చరిత్ర మాస్టారు, దిగ్గజాలు తమ తమ చోట్ల సర్దుకుని కూచొనునట్లుగా, ఆపిన ఫ్యాను ఆఖరి చుట్టు తిరిగి నిలుచునట్లుగా, ముప్పై ఆరు మంది ఊపిరి బిగబట్టి, అందులో ఒకతె ఎక్కిళ్లు ఆపుకోలేక నోట్లో జడ కుక్కుకొనునట్లుగా, కర్రను కర్రతో కలహింపజేసి, జ్యావల్లీ ఘర్షణ కీచుకీచుధ్వనులు కారిడార్లో మారుమోగగా, నుదుటి చెమట ముక్కు కొస నుంచి జారి సరిగ్గా గుంటలోనే పడునేమోనన్న భీతితో తలను ఒక పక్కకు వంచి, విల్లును లాగాడు. నెట్టాడు. లాగాడు.

పొగ వచ్చింది.

"సార్, పొగ! పొగ!"

"సరిగ్గా చూడవే, అది సార్ తలలోంచి వస్తోందేమో!"

"నోర్మూసుకోవే."

మాస్టారు ఆగి పుల్ల పైకెత్తాడు. గుంటలో, గాడిలో, గాడి కింద నల్లటి పొడి పోగుపడింది. పలకంతా మురికి. ఎడమచేయి దానంతటదే పక్కకు పోయింది, డస్టరు అందుకుంది, రెండు దెబ్బల్లో ఆ పొడిని ఎడమ పక్కకు ఊడ్చి పారేసింది. పలక అద్దంలా మెరిసింది. పొగ పోయింది.

రెండో దండయాత్ర. మళ్లీ పొగ, మళ్లీ పొడి, మళ్లీ డస్టరు. మూడోదాంట్లో తాడు జారి పుల్ల ఎగిరి మొదటి బెంచీ కిందికి పారిపోయింది. రెండు జడల పిల్ల దాన్ని వెంటాడి పట్టి తెచ్చి చేతికిచ్చింది.

"ఎంత?" అన్నాడు మాస్టారు రొప్పుతూ.

"పదకొండు నిమిషాలుంది" అన్నాడు కిటికీ దగ్గర లెక్కల మాస్టారు. తర్వాత మెల్లిగా, "డ్రాయర్ తాళం నా దగ్గరే ఉంది గురూ."

"వద్దన్నాను."

అప్పుడు గుమ్మంలో ఆయమ్మ ప్రత్యక్షమైంది. ఆమె ముప్పై ఏళ్లుగా ఆ బడిని ఊడుస్తున్న మనిషి. ధూళిమర్దిని, దీర్ఘమార్జనీహస్త. ఆ చీపురు ముందు పెద్ద మేడమ్ కూడా కాళ్లు పైకెత్తుకుని కూచుంటుంది.

"సార్, నా బస్సు నాలుగుంపావుకి. మీ తిరగలి అయ్యేదాకా నేనిక్కడ కూచుంటే బస్సు పోద్ది. పక్కపక్కన ఊడ్చుకుంటా, మీరు కానీండి."

జవాబు కోసం ఆగలేదు. వేదిక ఎక్కింది. బల్ల కింద ఊడ్చింది, బల్ల చుట్టూ ఊడ్చింది, మాస్టారి ఎడమ పక్కకు వచ్చి అక్కడున్న నల్లటి కుప్ప మీద చీపురు వేసి, చటుక్కున ఆగిపోయింది.

"అయ్యో, నా చీపురు!"

చీపురు పుల్లల కొసన ఎర్రగా ఒక చుక్క. ఆమె చెంగుతో నొక్కి ఆర్పి, వంగి కుప్పలోకి చూసింది. కుప్పలోంచి దారప్పోగులా పొగ లేస్తోంది.

"సార్, ఈ దుమ్ము కాలుతోంది."

మాస్టారు చూశాడు. నోట్సులో గాడి కింద భార్య గీసిన చుక్క కళ్ల ముందుకు వచ్చింది. పెన్ను కక్కలేదు. కావాలనే ఆమె పెట్టింది దాన్ని. నిప్పు పుట్టే చోటది. పది రోజులుగా తను దాన్ని మరక అనుకుని చూసీ చూడనట్టు వదిలేశాడు.

ఆయమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "ఇందాకట్నించీ గుమ్మం బయట నిలబడి చూస్తన్నా. పుట్టిందాన్ని పుట్టినట్టే తుడిచి పారేస్తన్నారు. ముప్పై ఏళ్లలో ఈ మాట నేను ఏ మాస్టారికీ చెప్పలా సార్. మీకు చెప్తన్నా. తుడవకండి."

మాస్టారు డస్టరు ఆమె చేతికిచ్చాడు. "ఇది నీ దగ్గరే ఉంచమ్మా. నేనడిగినా ఇవ్వకు."

"ఏడు నిమిషాలు" అన్నాడు లెక్కల మాస్టారు.

నాలుగో దండయాత్ర గురించి ఏం చెప్పాలి! పాత పొక్కుల మీద కొత్త పొక్కులు లేచాయి, పాతవి చితికాయి. పొడి పలక మీద పడింది. ముందు గోధుమరంగు, తర్వాత నలుపు. ఇరవై రెండేళ్ల అలవాటు ఎడమచేతిని కొరికింది. చేయి పిడిని వదిలి ఒకసారి అంగుళం మేర పక్కకు జరిగింది కూడా.

"సార్!" అంది ఆయమ్మ.

చేయి వెనక్కి వచ్చింది. పొడి గాడిలో గట్టిగా కూరుకుంది. పొగ చిక్కబడింది. మాస్టారు విల్లు ఆపాడు. పొగ ఆగలేదు.

ఎక్కిళ్ల పిల్ల ఎక్కిళ్లు మరిచిపోయింది. మాస్టారు పలకను మెల్లిగా ఒంచి, ఆవగింజంత ఎర్రటి చుక్కను పీచులోకి జార్చాడు. పీచును దోసిట్లోకి ఎత్తుకుని, పసిబిడ్డకు పెట్టబోయే వేడి అన్నం మెతుకు చల్లార్చేవాడిలా ఊదాడు. చుక్క పెద్దదైంది. మళ్లీ ఊదాడు. చుక్క అలిగి నల్లబడింది. ఊపిరి చాల్లేదు, ఆగి, కళ్లు మూసుకుని, మూడోసారి ఊదాడు.

భగ్గుమంది.

ముందు బెంచీలు ఒక్కుమ్మడిగా లేచి నిలబడ్డాయి. కేకలు పెంకుల్ని తాకాయి. కిటికీ దగ్గర లెక్కల మాస్టారు గడియారం చూడటం మరిచిపోయి, తన జీవితంలో మొదటిసారి ఒక లెక్కను "ఇరవై సెకన్లు... ఉండొచ్చు" అని అంచనా వేశాడు. చిటికెన వేలంత ఎత్తు మంట. దాని మీద గ్లాసెడు నీళ్లు కాగవు, అరచెంచా కాగుతాయేమో. మాస్టారి కనుబొమల్లో ఒకదానిలో సగం దానికి ఆహుతైంది. ఆ మంటను చూస్తూ ఆయన నోరు తెరిచాడు.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు. వేళ్లు కాలుతుంటే పీచును పక్కనున్న ఇసుక తొట్టిలో పడేశాడు.

రెండు జడల పిల్ల మెడ చాచి తొట్టిలోకి తొంగిచూసి, "నిజమే సార్" అంది, సరిచూసి సంతకం పెట్టినట్టుగా.

బెల్లు కొట్టింది. సంచులు ఎవరూ ముట్టుకోలేదు.

"సార్" అంది వెనక నుంచి ఒక గొంతు. "మాకు కనపడలా."

"ఏమిటి?"

"ముందువాళ్లంతా లేచారు సార్. మాకు వీపులే కనపడ్డాయి."

"నాకు ముందు బెంచీ ప్రియ జడ కనపడింది సార్, అంతే."

"వాళ్లు మాత్రం అన్నీ ముందే చూస్తారు సార్ ఎప్పుడూ!"

మాస్టారు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. లెక్కల మాస్టారు కూడా వాటి వైపే చూసి, "గురూ, ఆ చేతులతో రేపు సంతకం కూడా పెట్టలేవు" అన్నాడు. ఆయమ్మ గోడ గడియారం చూసింది, చీపురు మూలన పెట్టింది, డస్టరును రెండు చేతులతో వెనక దాచుకుని మొదటి బెంచీ మీద కూచుంది.

"వెనకవాళ్లు ముందుకు రండి" అన్నాడు మాస్టారు.

కనుక లోకులారా, దిక్కులు దద్దరిల్లేలా చాటండి. దారుమథనధురంధరుడు, పీచుపట్టాపహారి, అర్ధభ్రూదగ్ధుడు అయిన చరిత్ర మాస్టారు, ఉన్న ఆరు బెంచీల్లో సరిగ్గా మూడు బెంచీల మేర నిర్వివాదమైన అగ్నివిజయం సాధించాడు. మిగిలిన మూడింటి మీద దండయాత్ర సాయంత్రం నాలుగూ అయిదుకు మొదలైంది.