చుట్టరికం లేని రిఫరీ

ఇకమీదట మన ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో ఏ రిఫరీకీ తను ఆడించే మ్యాచ్‌తో ఒక్క చుట్టరికమైనా ఉండదని క్రీడల మంత్రి క్లెవిస్ ఓగిస్ట్ గారు రేడియోలో ప్రకటించారు. ఇంతటి సంస్కరణ కరీబియన్‌లో ఇంకోటి లేదు. పోయినేడు మా పెటిట్ బే జాలర్ల జట్టు ఓడిన ఆఖరి మ్యాచ్‌కి విజిల్ ఊదింది మంత్రిగారి బావమరిది. అప్పట్నుంచీ నేను బోర్డు పట్టుకుని ఆయనగారి ఆఫీసు ముందు అరిచాను. అరిచి సాధించాను. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, ఇంకెవరూ ఆ పని చేయడం లేదు కాబట్టి.

ఈసారీ ఆఖరి మ్యాచ్ మాకూ రాజధాని హార్బర్ క్లబ్బుకూ పడింది. ఆ క్లబ్బుకు మంత్రిగారే అధ్యక్షులు. వాళ్లకి డ్రా చాలు. మేం గెలిస్తే మా ఊరికి మొట్టమొదటి కప్పు.

చిక్కేమిటంటే, మా దేశంలో ఈ చివర తుమ్మితే ఆ చివర ఎవరో పిన్ని "చిరంజీవ" అంటుంది. అందుకని రిఫరీని పక్క ద్వీపం నుంచి రప్పించారు. అతను పడవ దిగుతుండగానే రేవులో చేపలమ్మే యూజీన్ అతని గడ్డం పట్టుకుంది.

"ఎవరి ముక్కురా ఇది? మా ఆల్ఫ్రెడ్ బాబాయిది కదూ?"

అదే పడవలో వెనక్కి పంపేశారు.

అప్పుడు మంత్రిగారికి నేను గుర్తొచ్చాను.

"నీతో మాట్లాడే చుట్టం ఎవడైనా ఉన్నాడా లెనక్స్?"

"లేడు సార్. అందరి మీదా కరపత్రాలు వేశాను."

"పెటిట్ బే కెప్టెన్ డెస్రాన్ మీ చిన్నాన్న కొడుకు కదయ్యా?"

"వాణ్ని మీ తొత్తని రాశాను సార్. నన్ను చూస్తే రోడ్డు దాటేస్తాడు."

"దేశం మొత్తానికి తటస్థుడివి నువ్వొక్కడివే," అని చెయ్యి కలిపారు. నాకు కళ్లు చెమర్చాయి.

మ్యాచ్ చివరిదాకా గోలు లేదు. ఆఖరి నిమిషంలో డెస్రాన్ బంతితో దూసుకొచ్చాడు. హార్బర్ గోల్‌కీపర్ బంతిని వదిలేసి, వాడి కాళ్లు రెండూ వాటేసుకుని పడుకున్నాడు. పెనాల్టీయే. కంచె బయట గడ్డి మేసే మేకైనా ఇచ్చేది.

డెస్రాన్ నేలమీంచే నాకేసి చూశాడు. ముప్పై దాటి చాన్నాళ్లయింది. వాడికిదే ఆఖరి సీజన్.

"అన్నా, చూశావుగా?"

ఏడాదిగా నాతో మాట్లాడని నోరు. స్టేడియమంతా వింది. నా తటస్థతకి ముప్పొచ్చిపడింది. పెనాల్టీ ఇవ్వలేదు. రిఫరీతో చుట్టరికం కలిపినందుకు పసుపు కార్డు చూపించాను.

వాడు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"సారీ సార్. మర్చిపోయాను."

కప్పు హార్బర్‌కి పోయింది. మా ఊరి బస్సు నన్నెక్కించుకోలేదు. మంత్రిగారు తన కారెక్కించుకుని, ఆదివారం భోజనానికి రమ్మన్నారు. మా ఊళ్లో నాకు మంచినీళ్లిచ్చే గడప కూడా మిగల్లేదు గనక వెళ్లాను.

మంత్రిగారి భార్య వెర్నెల్ గారు కొబ్బరిపాలలో ఉడికించిన సీమపనస వడ్డిస్తూ నా మొహంలోకి పరీక్షగా చూశారు.

"మీ అమ్మమ్మ పేరు ఎస్మీ కదూ? మా నాయనమ్మకి సొంత చెల్లెలు. అయితే నువ్వు నాకు బావవయ్యా."

నా చెంచా ఆగిపోయింది. మంత్రిగారు తలెత్తలేదు.

"తెలుసులేవే," అన్నారు, ఉప్పుచేప ముక్క నా పళ్లెంలోకి తోస్తూ. "తిననీ."

చేప బాగా కుదిరింది. ఇంకో ముక్క వేయమన్నాను.