రెండును మూడు చేసే కాంటా

ఆ రోజు ఉదయం కాశీనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. హుస్నాబాద్ దిక్కు నుంచి పత్తి వ్యాపారి లింగమూర్తి లారీ వస్తుంది. లారీలను సరుకుతో సహా తూచే తన ధర్మకాంటా మీదికి ఎక్కగానే బరువు దానంతట అదే కంప్యూటర్ తెర మీద పడుతుంది, చీటీ అచ్చయి చేతికొస్తుంది. సిద్దిపేటలో ఇంకెక్కడా లేని ఈ వింత చూసి లింగమూర్తి సీజను పత్తంతా ఇక్కడే తూయిస్తానంటాడు. రోడ్డుకు అవతల కాంటా నడిపే విశ్వేశ్వర్ ముఖం మాడిపోతుంది. పోయిన సీజనులో కాశీనాథం కాంటా మీద లారీలకన్నా మేకలే ఎక్కువ ఎక్కాయి. ఈసారీ అంతే అయితే తాళం వేసుకోవాల్సిందే.

కాంటాకూ కంప్యూటర్‌కూ మాట కలిపే పని నజీర్‌ది. హైదరాబాద్ వెళ్ళి ప్రోగ్రామింగ్ నేర్చుకొచ్చినవాడు. కాంటా బరువు చూపే డబ్బా నుంచి ఒక తీగ లాగి కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టుకు తగిలించాడు. ఆ తీగ వెంట వచ్చే బరువును తెర మీద చూపే ప్రోగ్రాము కూడా రాశాడు. తీగ ఉంది, ప్రోగ్రాము ఉంది, బరువే రావడం లేదు.

కాశీనాథానికి అనుమానం పుట్టుకతో వచ్చింది. కలలో దొంగ కనబడితే లేచి తలుపు గడియ చూసుకునే మనిషి. నజీర్ బల్ల కిందికి దూరడమే ఆయనకు నచ్చలేదు. మంచి పనయితే బల్ల మీదే చేయొచ్చు కదా!

ఇంతలో నజీర్ కాంటా తయారుచేసిన ఇంజినీరుకు ఫోను కలిపాడు. కాశీనాథం గుమ్మం పక్కన నిలబడి చెవులు రిక్కించాడు.

"సమజైంది సార్. రెండును మూడుకు తిప్పాలె, మూడును రెండుకు తిప్పాలె. గట్ల చేస్తెనే వస్తది."

రెండు టన్నులను మూడు చేయడమా? తన ధర్మకాంటా మీదనా?

కాసేపటికి తెర మీద ఏవో పడసాగాయి, అంకెలు కాదు, పిచ్చి గీతలు. నజీర్ మళ్ళీ ఫోను ఎత్తాడు.

"పారిటీ తేడా ఉంది సార్. ఇప్పుడే మారుస్త. సేఠ్‌కా? ఆయనకు చెప్పుడెందుకు, సమజ్ కాదు."

పారిటీ అంటే తీగ వెంట వచ్చిన అక్షరం చెడిపోకుండా చేరిందో లేదో చూసుకునే లెక్క. రెండు వైపులా ఒకటే పెట్టాలి. పాపం కాశీనాథానికి తెలిసింది 'పార్టీ' ఒక్కటే. వ్యాపారంలో పార్టీ అంటే సరుకుతో వచ్చే ఆసామి. ఇవాళ వచ్చే పార్టీ లింగమూర్తి. అంటే తూకం చెడగొట్టి, ఆ పేరుతో పార్టీని అవతలి కాంటాకు మార్చేస్తారన్నమాట!

ఆయన ఒక్క ఉరుకున రోడ్డు దాటాడు.

"ఏంది విశ్వేశ్వర్, నా పార్టీని మారుస్తున్నవట!"

"ఎవల పార్టీ?"

"తెల్వనట్టు మాట్లాడకు. లింగమూర్తి ఇయ్యాల వస్తుండని నీకెవలు చెప్పిన్రు?"

"ఇప్పుడు నువ్వే చెప్పినవు," అని విశ్వేశ్వర్ కుర్చీ తెచ్చి రోడ్డు పక్కన వేసుకున్నాడు.

కాశీనాథం తిరిగొచ్చేసరికి నజీర్ పని ముగించుకుని టీకి వెళ్ళాడు. అదను దొరికిందని కాశీనాథం ఆ తీగ పీకి ధోవతి మడతలో దోపుకున్నాడు.

నజీర్ టీ తాగి వచ్చేటప్పటికే లారీ కాంటా ఎక్కింది. లింగమూర్తి దిగి తెర వైపు చూశాడు. తెర మీద ఏమీ లేదు. నజీర్ గాబరాగా బల్ల కిందా పైనా వెతికాడు.

"తీగ ఏమాయె సేఠ్?"

"నా తాన్నే ఉన్నది!" కాశీనాథం తీగను పాములా బయటికి లాగాడు. "రెండును మూడు చేస్తవా? నా పార్టీని మారుస్తవా? లింగమూర్తన్నా, నీ ముంగటనే అడుగుతున్న, వీడు రెండు టన్నులను మూడు టన్నులు చేస్తుండు!"

"ఈ కాంటా మీదనేనా?" అన్నాడు లింగమూర్తి మెల్లగా.

"ఈ కాంటా మీదనే! నా చెవులతోని విన్న!"

"సొంతదారే చెప్పినంక ఇగ నేనేం తూయించాలె?"

లారీ వెనక్కి జరిగింది. అవతల విశ్వేశ్వర్ కుర్చీలోంచి లేచి చేయి ఊపాడు.

"రెండు, మూడు అంటే టన్నులు కాదు సేఠ్, తీగ కొసకుండే పిన్నుల నంబర్లు," అన్నాడు నజీర్ ఏడుపు గొంతుతో. "అటు పోయేది ఇటు వచ్చేదానికి కలవాలె. గది పార్టీ కాదు, పారిటీ. మంచిగ పనిచేస్తుండె."

కాశీనాథం తీగ వాడి చేతిలో పెట్టి, ఖాళీ కాంటా నడిమధ్య నిలబడి లారీ పోయిన వైపు చూశాడు. తన నోటితో తనే ముంచుకున్నానని ఆయనకు దుఃఖం పొర్లుకొచ్చింది.

"సేఠ్, వచ్చింది! సరిగ్గ వచ్చింది!" తీగ మళ్ళీ తగిలించి లోపలి నుంచి నజీర్ కేక వేశాడు. వెనకే ప్రింటర్ గరగరమంటూ ఆ కాంటా చరిత్రలో మొదటి చీటీని బయటికి నెట్టింది.

సరుకు: పత్తి. బరువు: ఎనభై కిలోలు.