సీనియర్ సమీకరణం

ఒక పెద్ద అడవిలో, చీమ కదలాలన్నా అనుమతి కావాల్సిన రోజుల్లో, చలన శాఖ కార్యాలయం ఒక చెదలపుట్ట మీద నడిచేది. అధికారి దిగ్గజయ్య అనే ఏనుగు. ఇప్పుడెక్కడున్నావు, ఎంత వేగంతో పోతున్నావు అన్నవి చెబితే చాలు, రేపెక్కడుంటావో ఆయన సమీకరణం చెప్పేసేది. ఏనుగులకీ దున్నలకీ అది ఎన్నడూ తప్పలేదు.

ఆ పుట్టలోనే కాపురముండే తల్లి చెదపురుగు పుట్టమ్మ ఒకనాడు కన్నంలోంచి తల బయటపెట్టింది. తొలకరి పడింది. పిల్లలకు రెక్కలొచ్చాయి. వాన వెలిసేలోగా ఎగరకపోతే లోపలే చచ్చిపోతారు. అనుమతి కావాలి.

"ఎవరెక్కడ వాలతారు?" అన్నాడు దిగ్గజయ్య.

"ముప్పాతికమంది వాగు వైపండి, మిగతావాళ్ళు కొండ వైపు. ఏ పిల్ల ఎటన్నది మాత్రం చెప్పలేను."

"కన్నతల్లివి. పిల్లలెక్కడుంటారో తెలీదూ?"

ఆ మాట పుట్టమ్మకు గుచ్చుకుంది. ఏదో ఒక చోటు చెప్పేస్తే పనైపోతుంది. కానీ అబద్ధానికి నోరు రాలేదు.

"తెలీకపోవడం కాదు అయ్యగారూ. వాలేదాకా ఆ చోటన్నదే ఉండదు. మా సమీకరణం అంతే చెబుతుంది."

బయటి లోకంలో దాన్ని క్వాంటమ్ అంటారట. అడవిలో చిల్లర సమీకరణం అనేవారు.

గుమాస్తా ముళ్ళపంది గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఆ చిల్లరదాంట్లో లెక్కలేనంతమందిని వేసి చూస్తే, చివరికి తమరి సమీకరణమే వస్తోందండి."

"అంటే నాది దానికి పుట్టిందా?"

"లెక్క అలాగే ఉందండి."

"సర్వీసులో ముందు చేరిందెవరు?"

"తమరేనండి."

"మరింకేం? అదే నాలోంచి రావాలి. వచ్చేదాకా దానికి సస్పెన్షన్. కన్నాలు మూసేయండి. చెదలన్నీ నా సూత్రం ప్రకారం ఒకే దారిన, ఒకే వేగంతో, తిన్నగా నడవాలి."

"మావాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ మట్టి మెత్తబట్టే ఈ పుట్ట నిలబడిందండి," అంది పుట్టమ్మ.

"మీ ఇంటి గొడవలు ఆఫీసులో వద్దు."

చెదలు ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాయి. అంతా ఒకే బారున నడిచేసరికి లోపల పెద్ద గాడి పడింది. గోడలకు మట్టి మెత్తేవాళ్ళు లేకపోయారు. వాన వెలవకముందే పుట్ట కార్యాలయంతో సహా కూలింది. దిగ్గజయ్య ఎంత వేగంతో, ఏ చోట, ఏ పక్కకి పడాలని తన సమీకరణం చెప్పిందో సరిగ్గా అలాగే పడ్డాడు.

పగుళ్ళలోంచి పిల్లలు ఎగిరిపోయారు. ముప్పాతికమంది వాగు వైపే వెళ్ళారు. పుట్టమ్మ పేరుపేరునా పిలిచింది గానీ, ఎవరెటు పోయారో ఆమెకు తెలియలేదు.

విచారణ సంఘం దిగ్గజయ్యకు ప్రమోషన్, పుట్టమ్మకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది.

నీతి: పెద్దవాడు లెక్క ప్రకారం కూలితే అది శాస్త్రం, చిన్నవాడు లెక్క ప్రకారం ఎగిరితే అది అదృష్టం.