మార్కండేయ మామ సమయపాలన

“ఇంటర్ దాకా వార్డెన్ చదివిస్తడు. డిగ్రీల అలవాటు చదివిస్తది.”

ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవాడు నిజామాబాద్ వాస్తవ్యుడు, వ్యక్తిత్వ వికాస నిపుణుడు మార్కండేయ. ఆయన డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆగిపోయిందంటే అది ఆయన తప్పు కాదు. అప్పటికి ఈ వాక్యం ఇంకా పుట్టలేదు.

ఆయన మేనకోడలు శృతి చందూర్ నుంచి వచ్చి, ఆయన ఇంట్లోనే ఉంటూ డిగ్రీలో చేరింది. “ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంటికి తోలుకపోత,” అని తండ్రి హన్మండ్లు ముందే చెప్పి పంపాడు. ఇంటర్ హాస్టల్లో విజిల్ ఊదితే పుస్తకం తెరిచి, విజిల్ ఊదితే మూసిన పిల్ల. ఇప్పుడు ఊదేవాళ్లు లేక బెంగపడింది. మామ ఉన్నాడు కదా అని ధైర్యం తెచ్చుకుంది.

మామ ఆమెకు ముందుగదిలో, వీధి తలుపుకు ఎదురుగా టేబుల్ వేయించాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ మేనకోడలు చదవడం కనిపించాలి. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టవలసిందీ మేనకోడలే. ఫోన్ పక్కన పెడితేనే చదువు వస్తుందని లోకానికి తెలియాలి గనుక, ఆయన రోజూ ఆమె ముందు ఫోన్ పెట్టి వీడియో తీసేవాడు. పేజీ తిప్పడం బాగా రాలేదని మళ్లీ తిప్పించేవాడు. పాపం, శృతి నిజంగా చదువుకున్నది మేడమీద, నీళ్ల ట్యాంకు వెనక.

సెమిస్టర్ చివరి పరీక్ష రోజునే, బోధన్‌లో ఒక కాలేజీవాళ్లు కొత్త పిల్లలకు మామ ఉపన్యాసం పెట్టించారు.

“ఆదర్శ విద్యార్థినివి. స్టేజీ మీద నువ్వు కూసోవాలె బిడ్డా.”

“నాకు రెండు గంటలకు ఎకనామిక్స్ ఉంది మామా.”

“పదకొండుకల్ల ఖతం చేస్త. పరీక్షలు మళ్ల వస్తయి, గిసొంటి ప్రోగ్రాం మళ్ల రాదు.”

ఉపన్యాస విషయం సమయపాలన. పది గంటల సభ పదకొండున్నరకు మొదలైంది. నిమిషం విలువ ఎంతో చెప్పడానికే మామకు ముప్పావుగంట పట్టింది. శృతి ఆయన శాలువా కొస పట్టి లాగింది. ఆయన శాలువా సర్దుకుని “ఇక రెండో విషయం” అన్నాడు. ఆమెకు ఇంటికి తోలుకపోతనన్న బాపు ముఖం కళ్లముందు కదిలింది. లేచింది. స్టేజీ దిగి, అందరి మధ్యనుంచీ నడిచి, గేటు దాటగానే బస్టాండుకు పరుగెత్తింది.

పరీక్షయితే అందింది, రాసింది. సాయంత్రం మామ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నలుగురిలో పరువు తీసిన పిల్లను మామ ఎందుకు ఉంచుకుంటాడు? బట్టలు సర్దుకోమంటే చందూర్ బస్సే గతి.

మామ ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పరీక్ష ఎలా రాశావని అడగలేదు.

“నువ్వు లేసి నడవంగనే నేనేమన్ననో ఎరుకేనా? ‘సూడుండ్రి పిల్లలూ, సమయపాలన అంటే గిది, మా ఇంట్ల నేర్చుకున్నది’ అన్న. హాలంత చప్పట్లే. వచ్చే వారం భీమ్‌గల్ కాలేజోళ్లు పిలిచిండ్రు. గాడ గూడ గట్లనే మధ్యల లేసి బయటికి నడువు.”

“నా పరీక్షలు అయిపోయినయి మామా.”

“అయిపోతే ఏమాయె?” అన్నాడు మామ. “ఉన్నట్టే నడువు. జర లేసే ముందు గడియారం దిక్కు రెండుమార్లు సూడు.”