బస్సు ముందు వరి కోత

ఆ ఉదయం చంద్రావతి మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడో తరగతి పిల్లలను నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టాలి. ప్రతి జట్టులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఇద్దరు, మరాఠీ మాట్లాడేవాళ్లు ఇద్దరు. వరి పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి నారు ఒకరికి, నాటు ఒకరికి, కోత ఒకరికి, దంపు ఒకరికి ముందురోజే నేర్పింది. ఎవరి ముక్క వాళ్లు తమ భాషలో చెబితే, మిగిలినవాళ్లు దాన్ని రెండో భాషలో తిరిగి చెప్పాలి. తనిఖీకి వచ్చే సాహెబ్ అది చూసి మెచ్చుకోవాలి. అంతే.

మెచ్చుకోకపోతే తెలుగు పిల్లలు ఒక గదికి, మరాఠీ పిల్లలు ఇంకో గదికి పోతారని మహారాష్ట్ర అంచున ఉన్న ఆ సిరోంచలో అందరూ అనుకుంటున్నారు. వేసవిలో భర్త పోయిన దగ్గర్నుంచి చంద్రావతి ఇంట్లో టీవీ కూడా పెట్టడం లేదు. ఆమె చెవులకు పని దొరికేది ఈ గదిలోనే. అందులో సగం గోల పట్టుకుపోతారంటే ఆమెకు అన్నం సహించడం లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

జట్లకు నియమాలు రెండే. నలుగురికీ వస్తేనే పాఠం వచ్చినట్టు, ఒక్కరిని వదిలి ముందుకు పోకూడదు. పక్క జట్టు చిక్కులో పడితే సాయం వెళ్లాలి. పిల్లలు రెండు భాషల్లోనూ గడగడా అప్పజెప్పారు.

"సాహెబ్ వచ్చే టైమయింది. నేను రోడ్డు మీద నిలబడత. మీరు మొదలుపెట్టుండ్రి," అని ఆమె బయటికి వెళ్లింది.

సాహెబ్ రాలేదు, ఎండ వచ్చింది. చూసి చూసి తిరిగొచ్చేసరికి గదిలో సంచులున్నాయి, నీళ్ల సీసాలున్నాయి, పిల్లలు లేరు. హెడ్‌మాస్టర్ సలీమ్ సార్ గుమ్మంలో నిలబడి బెంచీలను చూస్తున్నాడు.

"పిల్లలేరి సార్?"

"సోము రాలేదు, తోలుకొస్తమని అర్జూ జట్టు అడిగింది. ఎనక సందులనే గదా ఇల్లు, పోండ్రన్న."

"మిగిలినోళ్లు?"

"సోము ఇంటికి తాళమున్నదని అర్జూ తిరిగొచ్చింది. వాళ్లమ్మమ్మ వాణ్ని జిమల్‌గట్ట బస్సెక్కిస్తున్నదట. ఇగ అందరూ సాయం పోతమని లేసిన్రు. నేను ఫోన్ల ఉన్న, మంచి పిల్లలని పోండ్రన్న." ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఇప్పుడు పరేషానయితున్న."

ఇద్దరూ పరుగులాంటి నడకతో బస్టాండు చేరారు. జిమల్‌గట్ట మీదుగా పోయే బస్సు ఇంజన్ ఆపేసి ఉంది. దాని ముందు నేల మీద పిల్లలంతా జట్లు చెదరకుండా, నలుగురేసి కూర్చున్నారు, ఒక్క అర్జూ జట్టులోనే ముగ్గురు. కిటికీలో సోము మొహం, వాడి వెనక అమ్మమ్మ మొహం.

"మా చెల్లె మనుమరాలిని తొట్టెలల ఏసే ఫంక్షనున్నదే. జర జరుగుండ్రి," అంటోంది అమ్మమ్మ.

"పోండ్రి అమ్మమ్మా, ఎవరొద్దన్నరు," అంది అర్జూ. "సోము కోత చెప్పి పోవాలె. వాడు చెప్పకుంటే మా వడ్లు పొలంలనే ఉంటయ్."

కండక్టర్‌కు తెలుగు రాదు. అర్జూ జట్టులోని పంకజ్ ఆయనకు మరాఠీలో నారు దగ్గర్నుంచి జట్టు నియమాల దాకా అంతా వివరించాడు. మరి ఇంతమంది దేనికని కండక్టర్ అడిగితే, "వాళ్లు సాయానికి" అన్నాడు.

సోము కిటికీలోంచి తల బయటపెట్టి కోత చెప్పాడు. పంకజ్ మరాఠీలో చెప్పాడు. అప్పుడే ఇంకో బస్సు దిగి పక్కనే నిలబడ్డ ఒక పెద్దమనిషి, భుజానికి సంచి తగిలించుకుని, మరి దంపు ఎవరిదని మరాఠీలో అడిగాడు.

"నాది," అంది అర్జూ, తనూ మరాఠీలోనే. "మీ జట్టేది కాకా?"

నాకు జట్టు లేదన్నాడాయన.

"అయితే మా దాంట్లో కూర్చోండి. ఎవరూ ఒక్కరే ఉండకూడదు."

ఆయన చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నాడు. అప్పుడు చంద్రావతి ఆయన మొహం సరిగ్గా చూసింది, కిందటేడు తనిఖీలో చూసిన మొహమే. సాహెబ్.

రెండు గదులు కళ్ల ముందు కనిపించాయి. దగ్గరికి వెళ్లి, వచ్చిన మరాఠీ అంతా కూడగట్టుకుని, తప్పంతా తనదేననీ, పిల్లలను విడదీయవద్దనీ చెప్పబోయింది.

సాహెబ్ చెయ్యెత్తి ఆపాడు. "ఆగండి మేడమ్," అన్నాడు మరాఠీలో. "నాకింకా దంపు రాలేదు. అందరికీ వస్తేనే పాఠమట."

తొట్టెల ఫంక్షన్‌కు అమ్మమ్మ ఆలస్యంగానే చేరింది. బస్సు ఎందుకు ఆలస్యమైందో సోము అక్కడ అందరికీ రెండు భాషల్లో చెప్పాడు.

శనివారం ఉత్తర్వు వచ్చింది. మూడో తరగతిని విడదీయకూడదనీ, తాలూకాలో మిగిలిన బడులు ఈ పద్ధతిని అనుసరించాలనీ, అనుసరించేటప్పుడు గేటుకు తాళం వేయాలనీ అందులో ఉంది.